కంకర్‌టాండ్ మీద ఒక వానాకాలం

ఇనుప స్తంభాలూ ముళ్ళతీగ చుట్టలూ వేసుకున్న లారీ గోతుల్లో ఊగుతూ కంకర్‌టాండ్ మీదికి ఎక్కుతున్నప్పుడు సన్యాసమ్మ అక్కడే గేదెల్ని మేపుతోంది. అది 1983వ సంవత్సరం. శివరాత్రి వెళ్ళి ఎండ చురుక్కుమనడం మొదలైంది.

జంషెడ్‌పూర్ శివార్లలో బిర్సానగర్ ఇళ్ళ వరసలు అయిపోయాక నేల మెల్లగా మెరకెక్కి, సువర్ణరేఖ నది వైపు పెద్ద రాతిబీడుగా పరుచుకుంటుంది. నీళ్ళు నిలవని అలాంటి మెట్టనేలను అక్కడివాళ్ళు టాండ్ అంటారు. ఎక్కడ చూసినా కంకరరాళ్ళే కాబట్టి దీనికి కంకర్‌టాండ్ అనే పేరు స్థిరపడింది. దున్నితే నాగలి విరుగుతుంది, ఇల్లు కట్టుకుందామంటే అది సర్కారు భూమి. అందుకని బిర్సానగర్ పాలగేదెలకీ, భుయ్యాడీహ్ బస్తీ మేకలకీ, పక్కనున్న సంతాలు గిరిజనుల పల్లె ఆవులకీ కూడా అదే మేతబీడు అయింది.

సన్యాసమ్మ టెక్కలి దగ్గర పల్లెటూరి పిల్ల. పోలరాజును పెళ్ళాడి జంషెడ్‌పూర్ వచ్చింది. పోలరాజు ఉక్కు కంపెనీలో ఒక ఠేకేదారు కింద, అంటే కాంట్రాక్టరు కింద, పనిచేస్తాడు. ఆ పని ఒక నెల ఉంటే ఒక నెల ఉండదు. అతని జీతం ఎటు పోయినా ఇల్లు నిలబడింది మాత్రం ఆమె రెండు గేదెల పాల మీద, అరడజను మేకల మీద. మనిషి సన్నగా ఉన్నా గొంతు పెద్దది. టాండ్ ఈ చివర నిలబడి కేకేస్తే ఆ చివర మేకలు తలెత్తి చూసేవి.

లారీ ఎందుకొచ్చిందని ఆమె అడిగింది. టాండ్ మొత్తానికీ కంచె వేస్తున్నారనీ, లోపల చెట్లు నాటుతారనీ, ఐదేళ్ళపాటు ఒక్క గొడ్డు కూడా అడుగు పెట్టకూడదనీ డ్రైవరు హిందీలో చెప్పాడు. అతను వేళాకోళం ఆడుతున్నాడనుకుని సన్యాసమ్మ నవ్వింది. ఇంతలో కూలీలు స్తంభాల్ని ఒక్కొక్కటిగా ధన్‌మని కింద పడేశారు. ఆ చప్పుడుకి గేదెలు బెదిరి పక్కకి దూకాయి. ఆమె నవ్వు అక్కడితో ఆగిపోయింది.

తర్వాత తనకు ఆ తెగింపు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. గబగబా వెళ్ళి కింద పడేసిన స్తంభాల కుప్ప మీద కూర్చుంది. కాస్త దూరంలో మేకలు మేపుకుంటున్న నూకాలమ్మను పిలిచి, ఇంటింటికీ వెళ్ళి అందర్నీ తీసుకురమ్మంది. నూకాలమ్మది భుయ్యాడీహ్. పరుగులో ఆమెను పట్టుకునేవాళ్ళు లేరు. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ స్తంభాల మీద పిట్టల్లాగా ఆడవాళ్ళు బారులు తీరి కూర్చున్నారు. కొంగు నెత్తిన కప్పుకుని, తెచ్చుకున్న చద్దన్నం అక్కడే తింటున్నారు. చుట్టూ మేకలు. కూలీలు గునపాలు పక్కన పెట్టి బీడీలు ముట్టించుకున్నారు. చివరికి డ్రైవరు ఎవరి చేతనో ఆఫీసుకు కబురు పంపాడు.

మోటారుసైకిలు మీద ఒక ఆఫీసరు వచ్చాడు. ముప్పై దాటని వయసు, నెత్తిన గుడ్డ టోపీ. హిందీలో మర్యాదగానే, లేచి దారి ఇవ్వమన్నాడు. ఎవరూ కదల్లేదు. సన్యాసమ్మ నూకాలమ్మ వైపు తిరిగి, ఈడి మొహానికి టోపీ ఒకటి, అని గొణిగింది.

"టోపీ ఎండకమ్మా, మొహానికి కాదు," అన్నాడు ఆఫీసరు తెలుగులో.

ఒక్క క్షణం అందరూ నోళ్ళు తెరిచారు. తర్వాత నూకాలమ్మ పకపకా నవ్వింది. సన్యాసమ్మ చెవులు ఎర్రబడ్డాయి గాని, మనిషి మాత్రం స్తంభం మీంచి లేవలేదు.

అతని పేరు సోమశేఖర్. రాజమండ్రి వైపు వాడు, వ్యవసాయం చదువుకుని ఉద్యోగానికి ఇక్కడికొచ్చాడు. జిల్లాలో ఉన్న టాండ్‌లన్నింటినీ ఎలా కాపాడాలో, ఎక్కడ గొడ్లను ఆపాలో, ఎక్కడ వదలాలో ఒక విధానం తయారుచేస్తున్నారనీ, కంకర్‌టాండ్ అందులో మొదటిదనీ చెప్పాడు. ఊరికే చేస్తున్న పని కాదన్నాడు. పైపై మట్టి వానకు కొట్టుకుపోయి రాళ్ళు తేలాయి, ఇంకో పదేళ్ళు ఇలాగే మేపితే ఇక్కడ గడ్డిపరక కూడా మొలవదు, చూడండి అని చెయ్యి చాపాడు. అతను చూపించినవైపు చూస్తే అది నిజమేనని సన్యాసమ్మకు తెలుస్తూనే ఉంది. అయినా అడగవలసింది అడిగింది.

"మరి మాకు ముందు సెప్పనేదేటి బాబూ?"

అడగమనే పైనుంచి ఉత్తర్వు వచ్చిందన్నాడు. టౌనులో హాలు తీసుకుని సభ పెట్టారట, నోటీసు గోడకి అంటించారట. ఎవరూ రాలేదు. రాలేదు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదని రాసుకున్నారు.

"గోడకి సెప్పినారు. మాకు సెప్పనేదు," అంది సన్యాసమ్మ. "ఇక్కడికొచ్చి అడగండి. ఈ రాళ్ళ మీదే కూకుందాం."

సోమశేఖర్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. లారీ వైపు చూశాడు, ఆడవాళ్ళ వైపు చూశాడు. అతను కాదంటాడనే ఆమె అనుకుంది. ఆదివారం పొద్దున్న వస్తానన్నాడు. స్తంభాలు మళ్ళీ లారీకి ఎత్తించి అప్పటిదాకా అందులోనే ఉంచుతానన్నాడు. ఆ మాట వినేసరికి సన్యాసమ్మకు కాళ్ళలో ఏదో కొత్త నెత్తురు పారినట్టయింది. ఆ సాయంత్రం పాలు పోయడానికి బారిడీహ్ క్వార్టర్లకు నడిచి వెళ్ళలేదు, దాదాపు పరుగెత్తింది. గుమ్మం గుమ్మం దగ్గరా ఇదే కథ చెప్పింది.

ఆదివారానికి ఎవరెవర్ని పిలవాలన్న చోట ఒక చిక్కు వచ్చింది. పోలరాజు అన్నగారు ఆదిబాబుకు బిర్సానగర్ చివర పెద్ద ఖటాల్ ఉంది. అంటే పాలగేదెల సాల. అందులో ముప్పై గేదెలు. అతను ఉన్నచోట ఇంకొకరి మాట సాగదు. అతన్ని పిలిస్తే సభ తగువులోనే ముగుస్తుందని నూకాలమ్మ అంది. సన్యాసమ్మకూ అదే నిజమనిపించింది. బావగారి ఎదుట ఆమె ఏనాడూ గొంతెత్తి మాట్లాడింది లేదు, ఆయన వస్తే తలుపు వెనక్కి తప్పుకునేది. ఆయన లేకపోతేనే తన నోరు పెగులుతుంది. కబురు పంపకుండా ఊరుకున్నారు.

ఆ ఆదివారం కంకర్‌టాండ్ మీద తిరునాళ్ళలా ఉంది. తెలుగు, హిందీ, సంతాలీ అన్నీ కలిసిపోయి గోలగోలగా ఉంది. సోమశేఖర్ బండరాయి మీద కూర్చుని, ముందు ఎవరేం చెప్పినా వింటానన్నాడు. మొదటి గంటంతా కోపమే. కంచె వేస్తే గొడ్లను తలమీద పెట్టుకుని తిరగాలా అని కొందరు, మీరు నాటే నీలగిరి చెట్ల ఆకులు మేక కూడా ముట్టదని కొందరు. అతను ఓపికగా విన్నాడు. అయితే అసలేమీ మూయకపోతే కంచె తప్పదని కూడా తేల్చి చెప్పాడు.

అప్పుడు సుఖ్‌లాల్ మార్డీ లేచాడు. సంతాలుల పల్లె పెద్ద ఆయన. తన తాతల కాలంలో వానలు మొదలైన దగ్గర్నుంచి వరి కోతల దాకా ఈ టాండ్‌లో ఒక పక్కకి గొడ్లను వదిలేవాళ్ళు కాదనీ, మరుసటి ఏడు రెండో పక్క మూసేవాళ్ళనీ ఆయన హిందీలో చెప్పాడు. బస్తీలు పెరిగాక, బయటి గొడ్లు వచ్చాక ఆ కట్టుబాటు తెగిపోయింది. తన పల్లెవాళ్ళు కూడా, అందరూ మేపుతుంటే మనమెందుకు మానాలని వదిలేశారు.

సన్యాసమ్మ లేచి నిలబడింది. ఏం మాట్లాడాలో ముందుగా అనుకోలేదు.

"నాను పెల్లయి వొచ్చినప్పుడు ఇక్కడ గడ్డి మోకాలి దాకా ఉండీది. దాన్ని తినేసినోళ్ళం మనమే, ఇంకెవులూ కాదు. సగం మనమే మూసుకుందాం బాబూ. తీగ వొద్దు. మేమే కాత్తాం. ఒక్క వానాకాలం ఇవ్వండి."

గుసగుసలు రేగాయి. సగం బీడులో ఇన్ని గొడ్లు ఎలా బతుకుతాయని ఒక ముసలమ్మ అడిగింది. కోసి తెచ్చి మేపాలి, కొన్ని మేకల్ని అమ్ముకోవాలి, కష్టమే, అని సన్యాసమ్మ ఒప్పుకుంది. సోమశేఖర్ ముఖంలో వెలుగు వచ్చింది. పై ఆఫీసరును ఒప్పించడం తన పని అన్నాడు. దసరా వెళ్ళాక ఆయనే స్వయంగా వచ్చి చూస్తాడు, గడ్డి ఉంటే మీ కట్టుబాటే విధానంలోకి ఎక్కుతుంది, లేకపోతే లారీ మళ్ళీ వస్తుంది. ఉత్త మూసివేత ఒక్కటే చాలదనీ, తాను దీనానాథ్ అనే మేతగడ్డి విత్తనం తెస్తాననీ, మొదటి వానకు చల్లుకోవాలనీ కూడా చెప్పాడు. అలా చల్లితే మొలిచే గడ్డి ఉంటుందా అని సన్యాసమ్మకు అనుమానమే. అయినా సరేనంది.

జ్యేష్ఠం చివర్లో మొదటి వాన పడింది. టాండ్ నడుమ సున్నం కొట్టిన రాళ్ళు బారుగా పేర్చారు. నది వైపు సగాన్ని మూశారు. గొడ్లున్నవాళ్ళందరూ ఒడి కట్టుకుని అందులో విత్తనాలు పోసుకుని వరసగా నడుస్తూ చల్లారు. వంతులు వేసుకుని కాపలా కాశారు. ఆ రోజుల్లో సన్యాసమ్మకు తిండి మీద ధ్యాస ఉండేది కాదు. తెల్లారగానే మొదటి పని రాళ్ళ బారు దగ్గరికి పోయి చూడటం. పదిరోజుల పాటు ఏమీ లేదు. ఆఫీసరు మాట నమ్మి మోసపోయామా అనుకుంటూ ఒకనాడు వంగి చూస్తే, ఎర్రమట్టి మీద సన్నటి ఆకుపచ్చ నూగు. ఆమె చెప్పులు విప్పేసి, కాలు మోపితే ఎక్కడ నలుగుతుందోనని ముని వేళ్ళ మీద వెనక్కి వచ్చింది. ఇంటికెళ్ళి, రాత్రి డ్యూటీ చేసి నిద్రపోతున్న పోలరాజును లేపి మరీ చెప్పింది. అతను కళ్ళు నులుముకుని, గడ్డి మొలిస్తే నన్ను లేపడం దేనికే అన్నాడు. సాయంత్రం మాత్రం తనే వెళ్ళి చూసి వచ్చాడు.

కష్టాలు లేకపోలేదు. మూయని సగంలో గొడ్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ మేసేవి. నూకాలమ్మ మూడు మేకల్ని సంతలో అమ్మి వచ్చి, ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. సన్యాసమ్మ నది గట్ల వెంట తిరిగి గడ్డి కోసి మోపులు మోసుకొచ్చేది. పాలు తగ్గాయి. అయినా రాళ్ళకి అవతల గడ్డి చీలమండ దాటి, పిక్కల దాకా పెరుగుతుంటే ఆ నడుంనొప్పి నొప్పిగా అనిపించేది కాదు.

శ్రావణం మొదట్లో ఒక మధ్యాహ్నం, సన్నగా తుంపర పడుతోంది. కాపలా వంతు సన్యాసమ్మది, నూకాలమ్మది, ఇంకో నలుగురు ఆడవాళ్ళది. దూరం నుంచి నేల అదురుతున్నట్టు చప్పుడు వినిపించింది. చూస్తే ఆదిబాబు గేదెలు. ముప్పై గేదెలూ నల్లటి వరదలాగా రాళ్ళ బారు వైపు వచ్చేస్తున్నాయి. వెనక కర్ర పట్టుకుని ఆదిబాబు.

ఆడవాళ్ళు చేతులు పట్టుకుని రాళ్ళ వెంట నిలబడ్డారు. ఆరుగురు మనుషులు, ముప్పై గేదెలు. ముందున్న గేదె కొమ్ములు దించి బుస్సుమంది. సన్యాసమ్మ నెత్తిమీద కొంగు జారిపోయింది. బావగారి ఎదుట కొంగు జారడం అదే మొదటిసారి. సర్దుకోలేదు.

"తప్పుకో," అన్నాడు ఆదిబాబు. "నా తమ్ముడి పెల్లానివి, నా గొడ్లకి అడ్డం నిలబడతావేటి?"

"మూసేసినాం బావగారూ. ఎవుల గొడ్డూ వెళ్ళడానికి నేదు."

అతను కర్ర గాలిలో ఊపి గేదెల్ని అదిలించాడు. ముందు గేదె ఒక రాయిని తన్నుకుంటూ లోపలికి అడుగు వేసింది. పిక్కల దాకా ఎదిగిన గడ్డి దాని గిట్టల కింద నలగడం చూసేసరికి సన్యాసమ్మకు ఇంకేమీ కనిపించలేదు. ఒక్క దూకు దూకి దాని ముకుతాడు పట్టుకుంది. గేదెల మధ్య పుట్టి పెరిగిన మనిషి. నోటితో ఉస్సు ఉస్సు అంటూ, మెడ కింద నిమురుతూ దాన్ని వెనక్కి తిప్పింది. మంద పెద్ద అదే. అది తిరిగేసరికి మిగతావన్నీ తికమకపడి ఆగి, దాని వెంటే వెనక్కి మళ్ళాయి. ఆమె ఆ గేదెను విడవలేదు. తుంపరలో తడుస్తూ బిర్సానగర్ నడివీధిలోంచి నడిపించుకుపోయి బందెలదొడ్డిలో కట్టించింది. వెనకాల నూకాలమ్మా మిగతావాళ్ళూ. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడి చూసింది.

సాయంత్రం ఆదిబాబు తమ్ముడి ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మం బయటే నిలబడ్డాడు. పోలరాజు అప్పుడే షిఫ్టు దిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. అన్న అరుస్తాడని ఇద్దరూ ఎదురుచూశారు. అతను అరవలేదు.

"మీరు మూసిన సగంలో పాత క్వారీ గుంట ఉన్నాది. ఈ చుట్టుపక్కల గేది ములగాలంటే నీళ్ళు అదొక్కటే. భుయ్యాడీహ్ వాళ్ళు ఏటికి పోతారు. నీ రెండూ కుళాయి దగ్గర తాగుతాయి. నా ముప్పై ఎక్కడికెల్లాలి? నెలనుంచి వాటి ఒళ్ళు ఉడికిపోతన్నాది. నన్నెవులైనా అడిగినారా?"

సన్యాసమ్మ దగ్గర జవాబు ఉంది. కట్టుబాటు అందరిదీ, ఒకరి కోసం మార్చం అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇనుప స్తంభాల మీద కూర్చుని ఆఫీసరును తాను అడిగిన మాటే ఇప్పుడు గుమ్మం బయటి నుంచి వినిపించింది. ఆఫీసువాళ్ళు గోడకైనా చెప్పారు, తాము అది కూడా చేయలేదు.

పోలరాజు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ భార్య వైపు చూశాడు. తీర్పు చెప్పమని అడుగుతున్నట్టు కాదు, నువ్వేమంటావో దానికి నేనున్నాను అన్నట్టు చూశాడు. ఆమెకు ధైర్యం వచ్చింది.

"అడగనేదు బావగారూ. మీరొత్తే మా మాట సాగదని పిలవనేదు. తప్పే. రేపు పొద్దున్న అందర్నీ పిలుత్తాను, మీరూ రండి. రాళ్ళు ఎక్కడికి జరపాలో మీరే సూపించండి. గాని గేదెని మాత్రం అందరూ ఒప్పుకున్నాకే విడిపిత్తాను."

ఆదిబాబు, కుడితి నాను పంపుతాను, అది వేరే నీళ్ళు తాగదు, అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న రాళ్ళ బారు దగ్గర మళ్ళీ అందరూ చేరారు. నూకాలమ్మ ఒప్పుకోలేదు. మేకలు అమ్ముకున్నది తాను, ముప్పై గేదెలున్నాయనకి దారి ఇవ్వడం ఏమిటని నిలదీసింది. ఆ మాటలో న్యాయం ఉంది. సుఖ్‌లాల్ మార్డీ మధ్యలోకి వచ్చి, గుంట దాకా సన్నటి బాట ఒకటి వదిలి దాని రెండు వైపులా రాళ్ళు పేరుద్దామన్నాడు. నీళ్ళకు వెళ్ళాలి, రావాలి, మధ్యలో మూతి పెట్టకూడదు. ఆదిబాబు ఆ మాట విని, తన గేదెల వెంట ప్రతిరోజూ తానే నడుస్తానన్నాడు. ఒక్క గేదె గడ్డి ముట్టినా దాన్ని తనే బందెలదొడ్డికి తోలతానన్నాడు. అంతటితో ఊరుకోకుండా, నది అవతల నుంచి కోసిన గడ్డి తేవడానికి తన ఎద్దుబండిని అందరికీ వాడుకోనిస్తానన్నాడు. నూకాలమ్మ అప్పటికీ ముఖం తిప్పుకునే ఉంది. కాని బండి మాట విన్నాక, మొదటి మోపులు భుయ్యాడీహ్‌కే రావాలంది. అందరూ నవ్వారు. ఆ మధ్యాహ్నమే గేదె విడుదలైంది.

ఆ తర్వాత వానలు కుండపోతగా కురిశాయి. ఇంకెవరూ రాళ్ళు దాటలేదు. గడ్డి మోకాళ్ళు దాటింది, నడుం దాకా వచ్చింది. దీనానాథ్ గడ్డి ఊదారంగు కంకులు వేసింది. దాని మధ్యలో, ఎవరూ చల్లని నాటు గడ్డి కూడా ఎక్కడెక్కడి వేళ్ళలోంచో లేచింది. సోమశేఖర్ వచ్చి ఆ రెండింటినీ పక్కపక్కన చూసి, తన విత్తనం ఒక్కటే ఇంత చేసేది కాదనీ, నేలను వదిలెయ్యడమే పెద్ద పని చేసిందనీ అన్నాడు. విత్తనం కూడా నిజంగానే మొలిచింది బాబూ, నాను నమ్మనేదు, అంది సన్యాసమ్మ. ఇద్దరూ పొంగిపోతూ గడ్డిలో తిరిగారు.

దసరా వెళ్ళిన మూడో రోజు పై ఆఫీసరు జీపులో వచ్చాడు. పట్నా నుంచి వచ్చిన పెద్దమనిషి, తలంతా నెరిసింది, ముక్తసరిగా మాట్లాడేవాడు. టాండ్ మీద జనం నిండిపోయారు. ఆయన రాళ్ళ బారు దగ్గర ఆగాడు. ఇటు చూస్తే మేసి మేసి బోడిగా ఉన్న సగం, అటు చూస్తే గాలికి అలలు కొడుతున్న గడ్డి. బూట్లతోనే అందులోకి నడిచాడు. కాసేపటికి ఆయన నడుం కనిపించలేదు, భుజాలూ తలా మాత్రమే గడ్డి మీద తేలుతూ పోయాయి. సన్యాసమ్మ రాళ్ళ దగ్గరే నిలబడి చూస్తోంది. ఆమె చేతిని నూకాలమ్మ ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు ఒకటి చిట్లింది. ఇద్దరూ గమనించలేదు.

ఆయన తిరిగొచ్చి ప్యాంటుకు అంటుకున్న గింజలు దులుపుకుంటూ, ఇక్కడ ఎప్పుడు మూయాలో ఎప్పుడు తెరవాలో చెప్పేదెవరని హిందీలో అడిగాడు. సోమశేఖర్ జనం వైపు చూశాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తానే అని ఎవరూ అనలేదు. చివరికి ఆదిబాబు ముందుకొచ్చి, తన వచ్చీరాని హిందీలో, గొడ్డున్న ప్రతి ఇంటివాళ్ళూ ఇక్కడే కూర్చుని చెబుతాం సాహెబ్, ఆలస్యమవుతుంది కాని ఆ తర్వాత ఎవరూ దాటరు, అన్నాడు. నన్ను కూడా ఆపేశారు, అని సన్యాసమ్మను చూపించాడు. ఆ ముక్తసరి మనిషి అప్పుడు నవ్వాడు.

ఆయన జీపు బానెట్ మీద కాగితం పెట్టి సోమశేఖర్ చేత రాయించాడు. టాండ్‌లకు కంచె వేసే ముందు అక్కడ మేపుకునేవాళ్ళను ఆ నేల మీదే కూర్చోబెట్టి అడగాలి. మూసే భాగాన్ని, తెరిచే రోజును వాళ్ళ సభే తేల్చాలి. విత్తనం, సలహా ఆఫీసు ఇవ్వాలి. దీన్ని జిల్లా విధానంలో పెట్టడానికి తాను సిఫారసు చేస్తాననీ, పై వాళ్ళు ఒప్పుకునేదాకా కంకర్‌టాండ్‌లో ఇదే నడుస్తుందనీ చెప్పాడు. వేలిముద్రలు వేయమంటే సన్యాసమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ముందు చదివి వినిపించమంది. సోమశేఖర్ తెలుగులో చదివాడు. సుఖ్‌లాల్ దాన్ని సంతాలీలో చెప్పాడు. ఒకచోట, మేపుకునేవారు అన్న మాట దగ్గర నూకాలమ్మ ఆపి, మేకలోళ్ళు కూడా అని విడిగా రాయమంది. ఆఫీసరు విసుక్కోకుండా రాయించాడు.

లారీ ఇక రాదని సోమశేఖర్ అన్న క్షణంలో టాండ్ దద్దరిల్లింది. సంతాలులు డోళ్ళు తెచ్చారు. ఆడవాళ్ళు ఎవరి చేతులు ఎవరివో తెలియకుండా పట్టుకుని తిరిగారు. పోలరాజు ఎక్కడి నుంచో వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. ఆ రోజు డ్యూటీ ఎగ్గొట్టి పొద్దుటి నుంచీ జనంలోనే ఉన్నాడట. నాకు సెప్పనేదేటి అని ఆమె అడిగితే, నువ్వు భయపడతావని, అన్నాడు. భయమా, అని ఆమె నవ్వింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి.

ముందు కొడవళ్ళు, తర్వాత గొడ్లు అని సభ తేల్చింది. గింజ రాలేదాకా ఆగి, ఒక గురువారం పొద్దున్న కోత మొదలుపెట్టారు. మంచు ఇంకా గడ్డి మీదే ఉంది. వరసగా వంగి నిలబడ్డారు. సుఖ్‌లాల్ కేక వేయగానే అన్ని కొడవళ్ళూ ఒక్కసారి కదిలాయి. పచ్చి గడ్డి వాసన గుప్పుమంది. ఇంటికి ఇన్ని మోపులని ముందే అనుకున్నారు. ఆదిబాబు కూడా అందరికంటే ఎక్కువ అడగలేదు. మిగతాది ఎండబెట్టి, ఎండాకాలానికి ఉమ్మడిగా వామి వేద్దామన్నారు.

పొద్దెక్కాక ముగ్గురు కొత్త మనుషులు వచ్చి గట్టు మీద నిలబడ్డారు. గోవిందపూర్ వైపు ఇంకో టాండ్ వాళ్ళు. అక్కడా మేత లేదు, అక్కడా కొట్లాటలే. ఇక్కడి సంగతి విని, మీరెలా చేశారో చెప్పడానికి ఒకసారి వస్తారా అని అడిగారు. సన్యాసమ్మ నడుం నిటారు చేసి, చెమట తుడుచుకుంది. ఒక సంవత్సరం కింద ఎవరైనా తనను వేరే ఊరికి మాట్లాడటానికి పిలిచి ఉంటే నవ్వి ఊరుకునేది.

"వత్తాం," అంది. "గాని ఒక మాట. మీ టాండ్ మీద ఎవుల్ని పిలవడానికి మీకు మనసొప్పదో, ముందు వాళ్ళింటికి ఎల్లండి. వాళ్ళు రాకపోతే మేం వొచ్చీ లాభం నేదు."

ఆ ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. అలాంటివాడు ఒకడున్నాడని వాళ్ళ ముఖాలే చెబుతున్నాయి. సన్యాసమ్మ మోపు కట్టి నెత్తికెత్తుకుంది. తాజా గడ్డిలో మిగిలిన మంచునీళ్ళు ఆమె మెడ మీంచి వీపు మీదికి జారాయి. బండి దగ్గర నూకాలమ్మ, మొదటి మోపు ఎవరిదన్న దాని మీద ఆదిబాబుతో అప్పుడే వాదన మొదలుపెట్టేసింది. ఆ వాదనలో తన మాట కూడా కలపడానికి సన్యాసమ్మ గబగబా నడిచింది.